తాగకపోయినా పబ్‌కి వెళ్ళొచ్చు

హారికా,

నీ మెసేజ్ చూశాను. ల్యాబ్ వాళ్ళు గురువారం సాయంత్రం బోస్టన్ పక్కనున్న డేవిస్ స్క్వేర్‌లో ఐరిష్ పబ్‌కి రమ్మన్నారు, నేను తాగను కదా, ఏం చెప్పను పిన్నీ అని అడిగావు. వస్తానని చెప్పు. మీ బాబాయి చుక్క ముట్టడు, అయినా ఈ ఊరొచ్చినప్పటి నుంచీ నెలకోసారైనా మేమిద్దరం పోతూనే ఉన్నాం. ఆయన ఫిడేలు కోసం, నేను వేడివేడి దుంపల వేపుడు కోసం.

ముందుగా పాస్‌పోర్టు బ్యాగులో పెట్టుకో. ఇక్కడ 21 నిండితేనే మందు పోస్తారు, సాయంత్రం దాటితే చాలాచోట్ల తలుపు దగ్గరే వయసు అడుగుతారు. మొదటి ఏడాది నేను మన హైదరాబాద్ లైసెన్సు చూపించి జనవరి చలిలో పావుగంట వాదించాను. తలుపు దగ్గరున్నవాడు కదల్లేదు. లోపలున్న స్నేహితురాళ్ళు జాలిపడి బయటికొచ్చి నాతోపాటు పిజ్జా తిన్నారు.

వాళ్ళు పబ్ పేరు రాయలేదన్నావు గానీ, డేవిస్ అన్నారంటే బహుశా ద బరెన్ అయివుంటుంది. 1996లో తెరిచారు. బరెన్ అంటే ఐర్లండ్ పడమటి వైపు క్లేర్ అనే జిల్లాలో ఉన్న సున్నపురాతి నేల. అక్కడ ముందు గదిలో వాయిద్యాల వాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని వాయిస్తారు, దాన్ని సెషన్ అంటారు. కచేరీ అనుకునేవు. మన భజన లాంటిది. ఒకరు ఎత్తుకుంటే తెలిసినవాళ్ళు అందుకుంటారు, తెలియనివాళ్ళు వింటారు. జనం వైపు కాకుండా ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా కనిపించినా కూర్చోకు, ఇంకా రాని వాళ్ళెవరిదో అయివుంటుంది. నీ గ్లాసు కూడా అక్కడ పెట్టకు. వాళ్ళు వాయించడం ఆపాకే చప్పట్లు కొట్టు. ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకున్నదానివి, చేతులు ఊరుకోవని తెలుసు, ఒళ్ళో వేళ్ళతో లెక్కపెట్టుకో. తకిట తకిట అని నడిస్తే జిగ్, తకధిమి అని పరిగెడితే రీల్, రెండూ వాళ్ళ నాట్యం వరసలే. ఫిడేలు, వేణువుల మధ్య బౌరాన్ అని ఒకటి ఉంటుంది, మేకతోలు బిగించిన చట్రం. ఒక చేతిలో పొట్టి పుల్లతో కొడుతూ, రెండో చేత్తో వెనక నుంచి తోలు నొక్కి శ్రుతి మారుస్తారు. మీ బాబాయి మొదటిసారి దాన్ని చూసి, ఇది మన డప్పుకీ కంజీరకీ చుట్టమే అని ఇంటికొచ్చేదాకా అదే మాట.

కావలసింది కౌంటర్ దగ్గరికెళ్ళి అడుగు. చెయ్యి ఊపడం, నోటు చూపించడం, హలో అని పిలవడం వద్దు. కంట్లో పడేలా నిలబడితే చాలు, ఎవరి వరసేదో వాళ్ళకి గుర్తుంటుంది. గ్లాసుకి డాలరో రెండో టిప్పు పెట్టు, నువ్వు తాగేది సోడా అయినా సరే. తిండికైతే 18 నుంచి 20 శాతం. ఎందుకంటావా, ఈ మసాచుసెట్స్ రాష్ట్రంలో కనీస వేతనం గంటకి 15 డాలర్లు గానీ టిప్పు మీద బతికేవాళ్ళకి యజమాని 6.75 ఇస్తే చాలు, మిగతాది టిప్పుల్లోంచి రావాలని లెక్క, అది చాలకపోతేనే ఆయన పూడుస్తాడు. హ్యాపీ అవర్, అంటే కొన్ని గంటలు మందు చవగ్గా అమ్మడం, ఉందా అని మాత్రం అడగకు, ఇక్కడ 1984లోనే నిషేధించారు.

ఒకరు అందరికీ కొంటే తర్వాత ఇంకొకరు కొనడం పబ్‌లో పద్ధతి. అందులో చేరితే నీ వంతు వచ్చేదాకా ఉండాలి. నడుమ జారుకుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ మర్చిపోరు. నాది నేను కొనుక్కుంటాను అని మొదటే నవ్వుతూ అనేస్తే గొడవే లేదు. నిమ్మకాయ పిండిన సోడా తీసుకో.

పక్కవాళ్ళు గిన్నిస్ అనే నల్ల బీరు అడిగితే మాత్రం పోయడం చూడు. ముప్పావు నింపి పక్కన పెడతారు. అందులో ఉండేది నత్రజని, ఆ సన్నటి బుడగలు గ్లాసు అంచు వెంట పైకి పోకుండా కిందికి జారుతుంటాయి. సర్దుకున్నాక మిగతాది నింపుతారు. మొత్తం 119.5 సెకన్లని కంపెనీ లెక్క. ఆ అర సెకను ఎవరు కొలిచారో గానీ, తొందరపెట్టడం మాత్రం తప్పు.

రెండు పేర్లు నోటివెంట రానివ్వకు. బ్లాక్ అండ్ టాన్ ఒకటి, ఐరిష్ కార్ బాంబ్ ఒకటి. అమెరికా కుర్రాళ్ళు సరదాగా అడిగే పానీయాలివి. మొదటిది 1920లో బ్రిటిషువాళ్ళు ఐర్లండ్ మీదికి తోలిన పోలీసు దళం పేరు, ఊళ్ళు తగలబెట్టారు వాళ్ళు. రెండోది అక్కడ జనాన్ని చంపిన కారు బాంబుల మీద పెట్టిన పేరు. బంగాళాదుంప జోకులూ వద్దు. 1845లో ఆ పంటకి తెగులు తగిలాక వచ్చిన కరువులో దాదాపు పది లక్షల మంది పోయారు, అంతమందీ ఓడలెక్కారు, వాళ్ళలో వేలమంది మన బోస్టన్‌లో దిగారు.

తిండి దగ్గర జాగ్రత్త. షెపర్డ్స్ పై అంటే దుంపల ముద్ద కప్పి కాల్చిన మాంసం, అసలైతే గొర్రెది, ఇక్కడ చాలాచోట్ల ఎద్దుమాంసం వేస్తారు, అడుగు. బ్లాక్ పుడింగ్ తీపి వస్తువేమీ కాదు, నెత్తురుతో చేస్తారు.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. గురువారం గుంపుతో వెళ్ళాక, ఒక సోమవారం ఒక్కదానివే మళ్ళీ వెళ్ళు. కౌంటర్ చివర కూర్చో, పుస్తకం తీసుకెళ్ళినా ఫర్వాలేదు, ల్యాప్‌టాప్ వద్దు. గ్లాసు కళ్ళెదురుగానే ఉంచుకో, లేచి వెళ్తే వదిలేసి కొత్తది అడుగు. మన ఇరానీ హోటల్లో ఒక్క చాయ్‌తో గంటలు కూర్చున్నట్టు శుక్రవారం రాత్రి కూర్చుంటే మర్యాద కాదు గానీ సోమవారం ఎవరూ పట్టించుకోరు. నాలుగోసారికి ఆ బార్‌టెండర్ నువ్వు అడక్కముందే నిమ్మకాయ కోస్తూ, మళ్ళీ సోడానేనా అంటుంది. నువ్వొచ్చి ఎనిమిది నెలలైంది, ల్యాబ్ బయట నిన్ను గుర్తుపట్టే మనిషి ఈ ఊళ్ళో ఎవరున్నారు చెప్పు?

చివరి రైలు వేళ చూసుకో. ఎక్కాక మెసేజ్ పెట్టు, నేను మేలుకునే ఉంటాను. మీ అమ్మ అడిగితే నేనే పంపానని చెప్పు. మా అక్కతో తిట్లు తినడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

మీ పిన్ని