నేలా నీళ్లూ: ఆరువందల అడుగుల దుమ్ము

ప్రశ్న: అంబాజీపేటలో మా కొబ్బరితోటలో ఫిల్టరు పాయింటు దింపితే నలభై అడుగుల్లోపే నీళ్లు. మా అబ్బాయి చౌటుప్పల్ దగ్గర ఎకరం కొన్నాడు. అక్కడ 600 అడుగులు బోరు వేస్తే దుమ్మే లేచింది. ముప్ఫై గజాల అవతల పక్కవాళ్లకి 110 అడుగులకే రెండంగుళాల నీళ్లు! ఇంకో 300 అడుగులు వేస్తే పడతాయని బోరు లారీవాళ్లు అంటున్నారు. వేయించమంటారా?
– ఓ రైతు, అంబాజీపేట

జవాబు: వద్దండి. అడుగుకింత అని పుచ్చుకునేవాళ్లు ఆపమని ఎందుకంటారు?

కోనసీమ లెక్క అక్కడ చెల్లదు. మనది గోదావరి తెచ్చి పోసిన నేల. ఇసుక రేణువుల సందులన్నీ నీళ్లే. మన బెంగంతా ఉప్పునీళ్ల గురించే. చౌటుప్పల్‌ది గ్రానైటు. ఆ రాయి నీళ్లు తాగదు, పగుళ్లలో మాత్రం పారనిస్తుంది. పైన మొరం, దాని కింద బీటలు వారిన రాయి, ఆ కింద ఉత్త బండ. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లూ, ఫ్రాన్సు భూగర్భ సంస్థ బీఆర్‌జీఎం వాళ్లూ కలిసి 1999 నుంచి మహేశ్వరంలోనూ, తర్వాత చౌటుప్పల్‌లోనూ బోర్లు వేసి చూసింది ఇదే. నీళ్లిచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం పై 40 మీటర్లలోనే, అంటే దాదాపు 130 అడుగుల్లోపే. అక్కణ్ణించి కిందికి పోయేకొద్దీ అవి అరుదు. మీ అబ్బాయి బోరు ఆ వరస దాటి ఎప్పుడో బండలో పడింది.

మరి పక్కాయనకి ఎలా పడ్డాయంటారా? పగులు వెడల్పు రెట్టింపైతే, మిగతావన్నీ అలాగే ఉంటే, పారకం ఎనిమిది రెట్లవుతుంది. ఆయనకి మంచి పగులు తగిలింది. మీవాడికి అదే పగులు వెంట్రుకంత సన్నగా తగిలిందో, అసలు తగల్లేదో. దీన్ని తేల్చడానికి భూగర్భజల నిపుణులు బోరులోకి నీటి కదలికని కొలిచే పరికరం ఒకటి దింపుతారు. అది లోపలి నీటిని రవ్వంత వేడిచేస్తుంది. ఆ వెచ్చదనం పైనున్న గ్రాహకానికి ఎంతసేపటికి చేరిందో చూస్తారు. పక్కాయన బోరులో మోటారు నడుస్తుండగా దింపితే 110 అడుగుల కింద కదలికే ఉండదు, ఆ గీత దాటి పైకి తేగానే ఒక్కసారిగా పరుగందుకుంటుంది. నీళ్లు ఏ పగులు నుంచి వస్తున్నాయో అక్కడే దొరికిపోతుంది.

మీరు అంత హంగు చేయక్కర్లేదు. వారం ఆగి బోరులోకి తాడుకి బరువు కట్టి దింపమనండి. ఊట లేని బోర్లలోనూ చాలాసార్లు కొన్ని నీళ్లు చేరి ఉంటాయి. చేరితే, పక్కాయన మోటారు వేసే ముందూ, నాలుగైదు గంటలు నడిచాకా మట్టం కొలవమనండి. తగ్గితే రెండు బోర్లకీ పగుళ్ల సంబంధం ఉందన్నమాట. అప్పుడు హైడ్రో ఫ్రాక్చరింగ్ గురించి ఆలోచించవచ్చు. ప్యాకరు అనే రబ్బరు బిరడాతో బోరు బిగించి, పెద్ద ఒత్తిడితో నీళ్లు కొట్టి, పూడిన పగుళ్లు తెరిపిస్తారు. మట్టం చలించకపోతే ఆ ఖర్చూ వద్దు.

ఇంకో మాట. బోరు గోడ కూలకుండా పైభాగంలో దింపే కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దింపారో అడిగి రాయించుకోండి. లోతుగా దింపితే, ఊట వచ్చే పై పొరకే పైపు అడ్డం పడుతుంది.

మళ్లీ చోటు వెతకాలంటే, నేలలోకి కరెంటు పంపి కింది పొరల్ని అంచనా వేసే రెసిస్టివిటీ సర్వే చేయించండి. బీటల రాయి ఎక్కడ మందంగా ఉందో అంచనా దొరుకుతుంది, ఫలానా పగులు ఫలానా చోట ఉందని మాత్రం అదీ చెప్పలేదు. మీ తోటలో కాయలు బోలెడుంటాయి గానీ, నీళ్లు చూస్తామని అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లకి ఇవ్వకండి. ఈలోగా ఆ బోరు నోటికి మూత వేయించండి, పిల్లలు తిరిగే చోటు.