రేడియేటర్ పగిలి ఇంజిన్ దెబ్బతింది.. షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. సొంత పికప్ నేనే నడుపుతూ మార్కెట్‌కు కూరగాయలు తోలుతాను. రేడియేటర్ కారుతుంటే మెకానిక్‌ను వెంటబెట్టుకుని విడిభాగాల షాపుకెళ్లాను. బండి మోడల్, తయారైన సంవత్సరం చెబితే 'ఇది సరిపోతుంది' అని ఒకటి ఇచ్చారు. రూ.5,400 ఫోన్లో కొట్టాను. తెల్ల కాగితం మీద రాసిచ్చారు తప్ప బిల్లు లేదు. 40 రోజులకే పైన ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర విచ్చుకుంది. ఇంజిన్ హీటెక్కింది. హెడ్ (ఇంజిన్ పైభాగం) పనికి రూ.28,000 అవుతుందట. షాపువాళ్లు అమ్మిన సరుకు వాపసు లేదంటున్నారు. మెకానిక్ తప్పంతా సామానుదే అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పగిలిన రేడియేటర్ ఎవరికీ ఇవ్వకండి. 'కంపెనీకి పంపి చూస్తాం' అని షాపువాళ్లు అడిగినా సరే, సంతకం పెట్టిన రసీదు లేకుండా వదలొద్దు. ఆ వస్తువు చేజారితే కేసు సగం పోయినట్టే. మూత, అట్టపెట్టె, దాని మీది లేబుల్ దాచండి. మిగిలిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) శుభ్రమైన సీసాలో పట్టి ఉంచండి. హెడ్ ఇంకా విప్పకపోతే, ఫలానా తేదీన విప్పుతున్నాం, వచ్చి చూసుకోండని షాపుకు రాతపూర్వకంగా తెలపండి. వాళ్లు రాకపోయినా ఆ కాగితం మీకు పనికొస్తుంది. విప్పేటప్పుడు ఫొటోలు తీయించి, ఏం కనిపించిందో మెకానిక్ చేత రాయించుకోండి.

సరుకు తోలి సంపాదించే బండి కాబట్టి మీరు వినియోగదారు కారని అవతలి లాయరు వాదిస్తాడు. బెదరకండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువు 'వాణిజ్య ప్రయోజనం' కిందికి రాదని వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) వివరణ చెబుతోంది. లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఫరవాలేదు. బండిని పూర్తిగా జీతం డ్రైవరుకే అప్పగిస్తే మాత్రం చిక్కు.

మీకు అన్నింటికన్నా బలమైన అంశం మీరు అడిగిన తీరే. వస్తువు దేనికో చెప్పి, అమ్మేవాడి తెలివి మీద ఆధారపడి కొంటే, అది ఆ పనికి తగినట్టు ఉండాలన్న షరతు అమ్మకంలోనే ఇమిడి ఉంటుంది. ఇది వస్తు విక్రయ చట్టం 1930, సెక్షన్ 16. మోడల్, సంవత్సరం చెప్పారు, 'సరిపోతుంది' అని వాళ్లే అన్నారు. అదే మీరు ఫలానా బ్రాండుదే కావాలని పేరు పెట్టి అడిగి ఉంటే ఈ వాదన బాగా పలచబడేది. పక్కనున్న మెకానిక్ దీనికి సాక్షి. కానీ అతని పనిలోనూ లోపం ఉండొచ్చు కాబట్టి షాపును, లేబుల్ మీది తయారీదారును, మెకానిక్‌ను ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడమే మంచిది.

బిల్లు లేకపోవడం మీ తప్పు కాదు. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న వస్తువు వెనక్కి తీసుకోకపోవడమూ వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. వాపసు లేదని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన చట్టం మారదు. యూపీఐ చెల్లింపు రికార్డు, ఆ తెల్ల కాగితం చాలు.

రూ.5,400 రాబట్టడం తేలికే. కష్టమంతా ఆ రూ.28,000 దగ్గరే. హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) ముందే పోయి ఉంటే మండిన గ్యాసు కూలెంట్‌లోకి దూరి, ఒత్తిడి పెరిగి మంచి ట్యాంకు కూడా పగలొచ్చు. రేడియేటర్ మూతలోని ఒత్తిడి వదిలే వాల్వు బిగుసుకుపోయినా అంతే. షాపు ఈ వాదనలే తెస్తుంది, బోరు నీళ్లు పోశారనీ అంటుంది. బోరు నీళ్ల దెబ్బ సాధారణంగా అల్యూమినియం గొట్టాల్లో కనిపిస్తుంది, ట్యాంకు అతుకు విచ్చుకోవడం వేరు. అందుకే అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 38(2)(సి) కింద ల్యాబ్ పరీక్ష కోరండి. ఇంకొక మాట, ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటాక కూడా బండి నడిపి ఉంటే నష్టంలో కొంత మీ నెత్తినే పడుతుంది. లాయరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పోయిన కిరాయి కూడా అడగొచ్చు, కానీ ట్రిప్పు చీటీలు, బ్యాంకు ఖాతా చూపితేనే. బీమా మీద ఆశ వద్దు. మామూలు మోటారు పాలసీలో యాంత్రిక వైఫల్యానికి పరిహారం రాదు.

15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కదలిక లేకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేలాలని చట్టం చెబుతోంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది.

ఈసారి కొనే రేడియేటర్‌కు ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించండి. పాతదాన్ని పక్కన పెట్టి కోర్ (మధ్యలోని గొట్టాల జాలి) మందం, హోస్ మూతుల చోటు, ఫ్యాన్ కవరు బోల్టు రంధ్రాలు, ఏసీ ఉంటే కండెన్సర్ పట్టీలు సరిచూడండి. మూత కొత్తది వేయించండి, ఒత్తిడి అంకె పాతదానిదే ఉండాలి. జీఎస్టీ బిల్లు మీద పార్ట్ నంబరు, బండి నంబరు, వారంటీ నెలలు రాయించుకున్నాకే డబ్బు కట్టండి.