డిస్క్ వచ్చేదాకా ఆగరా బుజ్జీ

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త టీవీ కొన్నావనీ, ఏదో ఇంగ్లిష్ సినిమాని డబ్బు పెట్టి డౌన్‌లోడ్‌గా కొనబోతున్నావనీ నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు గర్వంగా అనిపించింది. నీ ఈడు వాళ్లు ఎక్కడెక్కడి లింకులో నొక్కి ఊరికే దించుకుంటుంటే, నువ్వు కొని చూస్తానన్నావు. చిక్కడపల్లిలో కేసెట్ల షాపు నడిపినవాడి మేనల్లుడివి అనిపించావు. తరవాత రాత్రంతా టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

బటన్ మీద ‘కొనండి’ అనే ఉంటుంది. కానీ చాలాచోట్ల నీకు దక్కేది సినిమా కాదు, చూసుకోడానికి అనుమతి. కాలిఫోర్నియాలో అయితే, ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి తేటగా చెప్పకుండా అలా అమ్మకూడదని 2025 జనవరి 1 నుంచి చట్టమే అమల్లోకి వచ్చింది. ‘డౌన్‌లోడ్ చేసుకున్నాక నాదేగా’ అంటావు. ఆ ఫైలు మామూలుగా వాళ్ల యాప్‌లోనే ఆడుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి మీ అమ్మ టీవీకి పెట్టు, పలకదు. అల్ట్రావయొలెట్ అని అమెరికాలో, కొన్న సినిమాలు నెట్‌లో దాచుకునే డిజిటల్ బీరువా ఒకటుండేది, 2019 జూలై 31న మూసేశారు. ముందే వేరే దుకాణంతో ఖాతా కలుపుకున్నవాళ్లు చాలావరకు బయటపడ్డారు. ‘మూసేస్తున్నాం, ఖాతా కలుపుకోండి’ అని ఈమెయిల్ వస్తే నువ్వు చదువుతావా? కరెంటు బిల్లే చూసుకోవు.

కాబట్టి ఆ సినిమా డిస్కుగా వచ్చేదాకా కొన్ని వారాలు ఆగు. 4కె డిస్కులో, అంటే బొమ్మ ఇంకా స్పష్టంగా వచ్చే బ్లూరే రకంలో, 66 జీబీ, 100 జీబీ దాకా పడుతుంది. నెట్‌లో వచ్చేది దాన్ని బాగా కుదించిందే. రాత్రి సీన్లలో నలుపు చారలు చారలుగా కనిపించేది చాలాసార్లు అందుకే. డిస్కు విదేశాల నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు, కస్టమ్స్ కూడా లెక్క వేసుకో. మామూలు బ్లూరే డిస్కుల్ని దేశాల గుంపుల్ని (రీజియన్) బట్టి అమ్ముతారు, వేరే గుంపుది మన ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. మన దేశం రీజియన్ సి, అమెరికాది ఎ. అట్ట వెనక చూసి కొను. 4కె డిస్కులకు ఆ గొడవ లేదు. ముందు ప్లేయర్ కొను.

ఇక అసలు సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు.

మీ అమ్మ పెళ్లి 1996లో. 2004లో షాపు ఎత్తేస్తూ ఆ పెళ్లి కేసెట్టుని కోఠీలో ఒకతని దగ్గర రెండు సీడీల్లోకి ఎక్కించాను. ఇక కేసెట్టెందుకులే అని, మిగతావాటితో పాటు కాటా మీద పెట్టి పాత సామాన్లవాడికి అమ్మేశాను. అంతటితో ఊరుకున్నానా? సీడీ మీద అంటించిన కాగితంలో మీ నాన్న పేరు తప్పు పడిందని, గోటితో అంచు లేపి లాగాను. కాగితంతో పాటు వెండి పొర కూడా చర్రున లేచి వచ్చింది. చేతిలో గాజు బిళ్ల లాంటిది మిగిలింది, అందులోంచి నా వేళ్లు నాకే కనిపిస్తున్నాయి. సీడీలో బొమ్మంతా ఉండేది పేరు రాసే వైపే, పల్చటి పూత కింద. మెరిసే వైపే గీతలు పడకూడదనుకున్నాను. పదిహేనేళ్లు కేసెట్లతో బతికినవాణ్ణి, ఆ ముక్క తెలీదు.

అది రెండో సీడీ. అప్పగింతలు అందులో ఉన్నాయి. మీ అమ్మమ్మ పాట పాడుతూ పాడుతూ గొంతు పూడుకుపోయి ఆగి, ముక్కు తుడుచుకుని మళ్లీ అందుకుంటుంది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లు. ఆ పాట ఇంకెక్కడా లేదు. మీ అమ్మకి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఏమీ అనలేదు. ‘పోనీలే అన్నయ్యా’ అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయింది.

అందుకని డిస్కు కూడా చిరంజీవి అని నేను అననురా. బ్లూరేకి తలనొప్పి మరో వైపు: బొమ్మ మెరిసే వైపుకే దగ్గరగా, 0.1 మిల్లీమీటరు లోతులో ఉంటుంది. అంచులు పట్టుకుని తీయి, కాగితాలు అంటించకు. అన్నిటికన్నా ముందు, ఫోన్‌లో ఉన్న మీ అమ్మ వీడియోలు ఇవాళే రెండు చోట్ల పెట్టు. సినిమా మళ్లీ కొనుక్కోవచ్చు.

ఆ సినిమా డిస్కుగా రాదని తేలితే డౌన్‌లోడే కొనుక్కో, తిట్టను. కానీ ఆఫీసు మెయిల్‌తో ఖాతా తెరవకు. ఉద్యోగం మారిన రోజున ఆ మెయిల్ పోతుంది.

మొదటి సీడీ నా దగ్గర ఉంది. తలంబ్రాల దాకా బాగానే ఆడుతుంది. చివర్లో మీ అమ్మమ్మ వీడియో కుర్రాడి వైపు తిరిగి, ‘నువ్వు తిన్నావా నాయనా?’ అంటుంది. అక్కడితో అయిపోతుంది. ఆదివారం భోజనానికి రా. హార్డ్ డిస్కు తెచ్చుకో, నీకూ ఒక కాపీ ఎక్కించి ఇస్తాను.

మీ మామయ్య