బరంపురం వేడిలో డార్క్‌రూమ్ పెట్టుకున్నవాళ్లకి ఏ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మంచిది?

బరంపురంలో స్నానాలగదినే డార్క్‌రూమ్‌గా మార్చుకున్నారు, ట్రై-ఎక్స్ కొనాలా, హెచ్‌పీ5 ప్లస్ కొనాలా, టీ-మ్యాక్స్ కొనాలా అని అడిగారు. పేర్ల గొడవ తర్వాత. ముందు మీ కుళాయి కింద థర్మామీటరు పెట్టండి. మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు చూపించే ఊరు కాదు మనది. ఫిల్ముతో వచ్చే టైములేమో చాలామట్టుకు 20 డిగ్రీలకి రాసినవి.

హెచ్‌పీ5 ప్లస్‌ని ఐడీ-11 అనే డెవలపర్‌లో నీళ్లు కలపకుండా కడిగితే, అంటే డెవలప్ చేస్తే, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. 24కి వచ్చేసరికి అది ఐదు నిమిషాల చిల్లరకి పడిపోతుంది. ఆపైన ఇంకా తగ్గుతుంది. ఐదు నిమిషాల లోపు కడిగిన ఫిల్ములో ఆకాశం మచ్చలు మచ్చలుగా రావచ్చు, ఎందుకంటే డెవలపర్ అంతటా సమంగా పనిచేసే వ్యవధి చాలదు. అదే డెవలపర్‌కి సమంగా నీళ్లు కలిపితే 20 దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర తొమ్మిది పైన. ఒక 35 ఎంఎం రోలుకి 150 మిల్లీలీటర్ల డెవలపర్, 150 నీళ్లు. ఒకసారి వాడాక పారబోయండి, మళ్లీ వాడకండి. నీళ్ల బేసిన్‌లో ఐసు వేసి డెవలపర్, స్టాప్ (డెవలపర్ పనిని ఆపే ద్రావణం), హైపో (బొమ్మని నిలబెట్టే ఫిక్సర్) సీసాలతో పాటు చివర్లో ఫిల్ము కడిగే నీళ్లు కూడా అందులోనే నిలబెట్టండి. డెవలపర్ 24లో ఉండి ఆ నీళ్లు 33లో ఉంటే ఫిల్ము మీది గెలాటిన్ పొర ముడత పడొచ్చు. పడితే అది ఇక సర్దుకోదు.

అందుకే నా ఓటు పాతరకం గ్రెయిన్ ఉన్న ఫిల్ములకి: హెచ్‌పీ5 ప్లస్, ట్రై-ఎక్స్, ఎఫ్‌పీ4 ప్లస్, డబ్బులు తక్కువుంటే కెంట్‌మియర్. టీ-మ్యాక్స్, డెల్టా చెడ్డవి కావు. కానీ టైములో, వేడిలో చిన్న తేడా వచ్చినా కాంట్రాస్ట్‌లో చూపించేస్తాయి, హైపోలో కూడా ఎక్కువసేపు ఉండాలి. టీ-మ్యాక్స్ ఆరాక గులాబీరంగు బాగా మిగిలిందంటే హైపో చాలలేదేమో అని అనుమానించాలి. ఫోమాపాన్ 400 డబ్బా మీద స్పీడు (ఐఎస్ఓ) 400 అన్నా, చాలామంది చేతిలో 200, 250 దగ్గరే నిలబడుతుంది.

చవగ్గా వస్తోందని డేటు దాటిన రోళ్లు మాత్రం కింద చెప్పే పరీక్షకి పెట్టుకోకండి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ నడిచిన రోజుల్లో ‘ఇందు’ ఫిల్ము ఇక్కడే తయారయ్యేది, ఇప్పుడు అంతా దిగుమతి సరుకు. అందుకే ఏళ్లతరబడి వేడిలో మగ్గిన రోలుని కూడా ‘వింటేజ్’ అని అమ్మేస్తున్నారు. దానిమీద వచ్చిన ఫలితం ఆ ఒక్క రోలుకే, పక్క రోలుకి కూడా పనికిరాదు. మంచి రోళ్లు ఫ్రిజ్‌లో పెట్టుకోండి. బయటికి తీశాక మూత విప్పకుండా రెండు మూడు గంటలు వదిలేయండి. సముద్రపు గాలికి చల్లటి ఫిల్ము మీద చెమట పడుతుంది.

ఇక పరీక్ష, మీ చేతిలో ఫిల్ము అసలు స్పీడెంతో తేల్చుకోడానికి. స్కానర్ వద్దు, అది నెగటివ్ తప్పుల్ని కప్పేస్తుంది. మీరు వేసేది ప్రింటు, కాబట్టి తీర్పు కాగితం మీదే రావాలి.

నీడలో ఉన్న సున్నపు గోడ ఒకటి చూసుకోండి, అంతటా ఒకే వెలుగుండాలి. కెమెరా స్టాండ్ మీద పెట్టి ఫ్రేము నిండా గోడే ఉండేలా చూసుకుని, ఫోకస్ అనంతానికి తిప్పేయండి, గోడ గరుకు కనబడకూడదు. లైట్ మీటరు 400 మీద ఉంచండి. అది ఎఫ్/4, 1/60 అందనుకుందాం. నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగం) మూస్తే ఎఫ్/16. అది 400కి మొదటి జోన్, అంటే పూర్తి నలుపుకి ఒక్క మెట్టు పైనున్న నీడ. అక్కడి నుంచి అర స్టాపు చొప్పున తెరుస్తూ ఎఫ్/8 దాకా రండి: ఆ ఫ్రేములు వరసగా 400, 280, 200, 140, 100కి మొదటి జోన్లు. తర్వాత ఎఫ్/4 మీదే 1/8, 1/4, 1/2 సెకన్లు. అవి వరసగా 400, 200, 100కి ఎనిమిదో జోన్లు, అంటే దాదాపు తెలుపు. లెన్సు మూత పెట్టి ఒక ఖాళీ ఫ్రేము కూడా తీయండి. చాలామంది మర్చిపోయేది ఇదే, అది లేకపోతే మిగతావన్నీ వృథా.

కడిగి ఆరాక ఖాళీ ఫ్రేముని ఎన్‌లార్జర్‌లో (నెగటివ్‌ని పెద్దది చేసి పేపరు మీద వేసే యంత్రంలో) పెట్టండి. మీరు మామూలుగా వేసే సైజుకి తల ఎత్తు, లెన్సు ఎఫ్/8, పేపరు రెండో గ్రేడు (మామూలు కాంట్రాస్ట్). రెండేసి సెకన్ల మెట్లతో ఒక ప్రింటు పేపరు ముక్క మీద వెలుగు పడనివ్వండి. పూర్తిగా డెవలప్ చేసి, ఆరబెట్టి, అప్పుడు చూడండి. తడి పేపరు అబద్ధం చెబుతుంది, ఆరాక అన్నీ ఒక మెట్టు ముదురుతాయి. ఏ మెట్టు దాటాక నలుపు ఇంక పెరగలేదో, పక్కమెట్టుకీ దానికీ గీత కనబడలేదో, అదే మీ టైము. 14 సెకన్లు వచ్చిందనుకోండి. ఎన్‌లార్జర్ ఎత్తు, లెన్సు కదపకుండా అదే 14 సెకన్లతో మొదటి జోన్ ఫ్రేములన్నీ వేయండి. కిటికీ దగ్గర నిలబడి ఆ ముక్కల్ని పూర్తి నలుపు పక్కన పెట్టి చూడాలి. 400ది నలుపులో కలిసిపోయి, 280ది ఉందా లేదా అనిపించి, 200ది మాత్రం ‘ఇది నలుపు కాదు, కాస్త తక్కువ’ అని నిక్కచ్చిగా తెలిస్తే, మీ నీళ్లకి, మీ మీటరుకి, మీ థర్మామీటరుకి ఆ ఫిల్ము 200. డబ్బా మీది 400 ప్రయోగశాల లెక్క. అది తప్పు కాదు, మీది కాదంతే. నాలుగువందల ఫిల్ముని 1600 దగ్గర లాగి, నల్లగా మిగిలిన నీడని ‘మూడ్’ అని పేరుపెట్టేవాళ్లకి ఈ పరీక్ష నచ్చదు.

ఇప్పుడు 200 తాలూకు ఎనిమిదో జోన్ ఫ్రేముని అదే 14 సెకన్లతో వేయండి. ఉత్త పేపరు తెలుపుకన్నా కొంచెమే దిగి ఉండాలి. బొత్తిగా తెల్లకాగితంలా వస్తే కడిగే టైము పదిహేను శాతం తగ్గించండి, బూడిదరంగులో ఉంటే అంతే పెంచండి. కడిగే టైము బాగా మారితే మొదటి జోన్ కూడా కొంచెం జరుగుతుంది, ఆ ముక్క మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

రెండో రోలు గోపాల్‌పూర్ ఒడ్డున మిట్టమధ్యాహ్నం తీయండి. 200 పెడితే ఎఫ్/16 దగ్గర 1/250 సరిపోతుంది. 400 అయితే 1/500 కావాలి, కొన్ని పాత కెమెరాల్లో అదే ఆఖరి అంకె. తారు పూసిన పడవ నీడలో పలకల అతుకులు, పక్కనే ఎండలో ఇసుక గరుకు, రెండూ రెండో గ్రేడులో ఒకే ప్రింటు మీద రావాలి. పడవలో అతుకులు కనబడక ఇసుక బాగుంటే 200 కూడా ఎక్కువే, 160కి దిగండి.