మందులేవీ పనిచేయలేదు.. తమ్ముడు అమెరికా నుంచి తెచ్చే మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 43. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. నాలుగేళ్లుగా డిప్రెషన్. ఎస్సిటాలోప్రామ్, తర్వాత వెన్లాఫాక్సిన్ వాడినా లాభం లేదు. మూడు నెలలుగా ఫ్లూఓక్సెటిన్ వేసుకుంటున్నా, దాంతోనూ మార్పు లేదు. ట్రానిల్‌సిప్రమిన్ అనే పాత మందు బాగా పనిచేస్తుందట, వచ్చే నెల వస్తూ తెస్తానని తమ్ముడు అంటున్నాడు. మొదలుపెట్టొచ్చా? ఒక్కోసారి బతికి ఏం లాభం అనిపిస్తోంది. – ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: వద్దమ్మా, ఇప్పుడు అస్సలు వేసుకోవద్దు. మందు చెడ్డదని కాదు. మీరు ఫ్లూఓక్సెటిన్ మీద ఉన్నారు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. అది ఆపినా ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది, కనీసం ఐదు వారాలు ఆగాకే ట్రానిల్‌సిప్రమిన్ మొదలుపెట్టాలి. ఈలోగా వేసుకుంటే సెరటోనిన్ అనే రసాయనం విపరీతంగా పెరిగి జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, అయోమయం వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ ఐదు వారాలూ మందు లేకుండా ఉండాలి కాబట్టి డాక్టరు కనిపెట్టుకుని ఉండటం చాలా ముఖ్యం.

ట్రానిల్‌సిప్రమిన్ ఎంఏఓఐ అనే రకం మందు. ఈ రకం మందుల కథ 1950లలో మొదలైంది. టీబీకి ఇచ్చిన ఇప్రోనియాజిడ్‌తో కొందరు రోగులు హుషారుగా మారడం డాక్టర్లు గమనించారు. మెదడులో సెరటోనిన్, డోపమిన్ లాంటివాటిని విరగ్గొట్టే ఎంజైమును ఈ మందులు ఆపుతాయి. వేరే మందులకు లొంగని కొందరికి నిజంగానే మేలు జరుగుతుంది, అందుకే ఇప్పటికీ వాడుతున్నాం. కానీ అదే ఎంజైము పేగుల్లో టైరమిన్ అనే పదార్థాన్నీ అణచాలి. అది పనిచేయకపోతే పాత చీజ్, ఎండు చేపలు, సోయా సాస్, డ్రాఫ్ట్ బీరు, నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేసుకున్న చికెన్ తిన్నా బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల వెనక పగిలిపోతున్నంత నొప్పి, గుండె దడ, చెమటలు వస్తే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. తాజా పనీర్, తాజా పెరుగుతో ఇబ్బంది లేదు.

తిండి కంటే నాకు మెడికల్ షాపు గురించే ఎక్కువ భయం. జలుబు చేసిందని వీధి చివరి షాపులో అడిగితే చేతిలో పెట్టే మాత్రల స్ట్రిప్పులో చాలాసార్లు ఫినైలెఫ్రిన్ ఉంటుంది, దగ్గు సిరప్‌లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటుంది, నడుంనొప్పికి ట్రమడాల్ ఇస్తారు. మామూలుగా ఇవి ఎవరైనా వేసుకునేవే, ట్రానిల్‌సిప్రమిన్‌తో కలిస్తే మాత్రం ప్రమాదం. ఆపేశాక కూడా రెండు వారాలు ఇదే జాగ్రత్త.

ఇంకో మాట. మూడు మందులు ఫెయిలయ్యాయని అంటున్నారు, ఒక్కొక్కటీ సరైన డోసులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడారా? థైరాయిడ్, బి12 చూశారా? ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకుండా అతి హుషారుగా గడిపిన సందర్భం ఉందా? అది బైపోలార్ (అతి హుషారు, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే జబ్బు) కావచ్చు, అప్పుడు వైద్యమే మారిపోతుంది. పైగా ఎంఏఓఐ దాకా వెళ్లే ముందు లిథియం కలపడం, మందుల కాంబినేషన్లు, ఈసీటీ (కరెంట్ షాక్ చికిత్స) ఉన్నాయి. ఈసీటీ అనగానే మనవాళ్లు హడలిపోతారు, కానీ తీవ్రమైన డిప్రెషన్‌లో బాగా పనిచేసే చికిత్స అది, మత్తు ఇచ్చే చేస్తారు.

బతికి ఏం లాభం అని రాశారే, ఆ మాట డాక్టరుకి దాచకండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ఆ ఆలోచన గట్టిగా వచ్చిన రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చనిపోవాలనే ఆలోచన ఆగకపోతే ఒంటరిగా ఉండకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనూ చూపించుకోవచ్చు. ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత డోసు, ఎప్పుడు ఆపారు అన్నీ ఒక కాగితం మీద రాసి, పాత స్ట్రిప్పులుంటే పట్టుకెళ్లండి. ఫ్లూఓక్సెటిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. తమ్ముణ్ని మాత్రలు కొనవద్దనండి, వచ్చాక మీతో పాటు డాక్టరు దగ్గరికి రమ్మనండి.