ఎల్క్ వేటకు కార్డు గీకొద్దు, పాయింట్లు కొంటూ ఆగండి

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటాం. సిటిజన్‌షిప్ వచ్చింది. ఆఫీసు మిత్రుడి పుణ్యమా అని వేట సరదా పట్టుకుంది. ఎల్క్ లైసెన్సు లాటరీలో ముందు వరుస ఇచ్చే ప్రిఫరెన్స్ పాయింట్లు 2 ఉన్నాయి. వచ్చే ఏప్రిల్‌లో మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు కూరే తుపాకీ) వేట లైసెన్సుల డ్రాకి అప్లై చేద్దామనుకుంటున్నాను. మొత్తం 4,200 డాలర్లు అవుతుందని నా లెక్క. చేతిలో 1,500 ఉంది. మిగతాది క్రెడిట్ కార్డు మీద పెట్టనా, 401(కె) రిటైర్మెంట్ పొదుపు కొంత ఆపనా?

జవాబు: రెండూ వద్దు. ఆ పొదుపుకు కంపెనీ జతచేసే మ్యాచ్ వదులుకుని కణుజు లాంటి జంతువు వెంట పరిగెత్తడం నాకైతే మింగుడుపడదు.

మీ సమస్య డబ్బు కన్నా తేదీ. పెళ్లికైతే ముహూర్తం తెలుస్తుంది. ఇక్కడ లైసెన్సు తగిలిందో లేదో మే చివర్లోనో జూన్‌లోనో తెలుస్తుంది, సీజన్ సెప్టెంబరు మధ్యలో 9 రోజులే. అప్లికేషన్‌లో రాసిన మొదటి ఛాయిస్‌లో తగిలితే మీ పాయింట్లు సున్నా అయిపోతాయి. అప్పటికి చేతిలో డబ్బు లేకపోతే ఆ టెన్షన్‌లోనే కార్డు బయటికొస్తుంది.

అయితే ఆ తేదీ కొంతవరకు మీ చేతిలోనే ఉంది. కొలరాడోలో వేటకు కాకుండా పాయింటు కోసమే అప్లై చేసే కోడ్ ఉంటుంది. అప్లై చేసే అర్హత కోసం ముందుగా కొనాల్సిన క్వాలిఫయింగ్ లైసెన్సు, హ్యాబిటాట్ స్టాంపు కలిపినా స్థానికులకు ఏడాదికి వంద డాలర్లు దాటదు. మూడు ఏప్రిళ్లు అలా చేయండి. ఈలోపు నెలకు 75 డాలర్లు విడిగా ఒక హై యీల్డ్ సేవింగ్స్ ఖాతాలో వేస్తే 36 నెలల్లో 2,700. మీకు తగ్గింది సరిగ్గా అంతే. అప్పటికి చేతిలో 5 పాయింట్లు. అంతకు మించి ఆలస్యం మాత్రం చేయకండి, మంచి యూనిట్లకు (వేట ప్రాంతాలకు) కావాల్సిన పాయింట్లు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంటాయి. ఈ డబ్బు షేర్లలో పెట్టొద్దు.

చేతిలోని 1,500తో తుపాకీ, బూట్లు, మాంసం మోసే బ్యాగు ఇప్పుడే కొనుక్కోవచ్చు. గొట్టం మూతి నుంచి మందు కూరి ఒక్క గుండు పేల్చే తుపాకీ కదా, చెయ్యి అలవాటు పడటానికి ఈ మూడేళ్లూ పనికొస్తాయి. షాపులో స్కోపు, బిళ్లల్లా చేసిన పెల్లెట్ మందు, ప్లాస్టిక్ తొడుగున్న సాబో గుళ్లు కలిపి ‘కాంబో’ అంటూ అంటగడతారు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో ఆ మూడూ నిషేధం. తుపాకీ మీద గురి చూసే మామూలు సైట్లు, పొడి మందు, ఎల్క్‌కి కనీసం .50 క్యాలిబర్, అంతే. మా క్లయింటు ఒకాయన ఆ కాంబో కొని, స్కోపును ఇప్పటికీ అటక మీద దాచుకున్నారు. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు లేకపోతే ముందు ఆ కోర్సు చేయండి.

మీ లెక్కలో ఒకటి కనిపించలేదు. మగ ఎల్క్ 700 పౌండ్లు తూగుతుంది. కోసి, ఎముకలు తీసేసినా వీపున వేసుకుని నాలుగైదు సార్లు కొండ దిగాలి. సెప్టెంబరు ఎండకు మాంసం త్వరగా చెడుతుంది. గుర్రాల మీద దింపించడానికి, కోయించి ప్యాక్ చేయించడానికి కొన్ని వందలు వేరే పెట్టుకోండి. ‘మాంసం ఫ్రీజర్ నిండా వస్తుంది కదా, ఖర్చు తిరిగొచ్చినట్టే’ అని ఇంట్లో చెప్పి ఒప్పించకండి. ఖాళీ చేతులతో తిరిగొచ్చే సెప్టెంబర్లే ఎక్కువ, అప్పుడు ఆ లెక్క మీ ఆవిడ అడుగుతారు.

గైడుకు అడ్వాన్సు, ఆఫీసులో సెలవు రెండూ డ్రా ఫలితం చూశాకే. అప్లికేషన్‌లో ఇచ్చిన కార్డు జూన్ దాకా చెల్లుతుందో లేదో మాత్రం ఏప్రిల్‌లోనే చూసుకోండి, తగిలితే లైసెన్సు ఫీజు దాని నుంచే పోతుంది.