ప్రశ్న – జవాబు: విప్పిన కీని తుడిచారా?

ప్రశ్న: లినక్స్ కెర్నెల్‌లో టీపీఎం (రహస్య కీలను కాపాడే భద్రతా చిప్) సాయంతో భద్రపరిచే ‘ట్రస్టెడ్ కీ’ల కోడ్‌కి వచ్చిన ప్యాచ్‌ని సమీక్షించమన్నారు. ఇదే మొదటిసారి, టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూడాలండీ?

జవాబు: ముందు ఎర్రర్ దారులు, అంటే మధ్యలో ఏదైనా విఫలమైతే కోడ్ నడిచే దారులు, చదవండి. నేనైతే ఫంక్షన్‌ని చివరి నుంచే మొదలుపెడతాను. అంతా సవ్యంగా జరిగే దారిలో, పని అయ్యాక కీని మెమరీలోంచి తుడవడం అందరికీ గుర్తుంటుంది. మధ్యలో చిప్ విఫలమైతేనే మర్చిపోతారు. నేను ఒప్పుకున్న ఒక ప్యాచ్‌లో సరిగ్గా అలాగే, విప్పిన కీ (సీల్ తీసిన అసలు కీ) మెమరీలో మిగిలిపోయింది. ఆ బాధ నాకింకా పోలేదు.

మామూలు మెమ్‌సెట్‌తో సున్నాలు నింపితే చాలదు. కీ ఉన్న ఆ బఫర్‌ని (తాత్కాలిక మెమరీని) తర్వాత ఎవరూ చదవరని తేలితే కంపైలర్ ఆ పనినే తీసేయవచ్చు. అందుకే స్టాక్ (ఫంక్షన్ నడిచేంతసేపే ఉండే మెమరీ) మీది బఫర్లకు మెమ్‌జీరో_ఎక్స్‌ప్లిసిట్, కేమ్యాలాక్‌తో (కెర్నెల్‌లో మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్‌తో) తీసుకున్న వాటికి కేఫ్రీ_సెన్సిటివ్ వాడారో లేదో చూడండి. (ఈ రెండోదాని పాత పేరు కేజెడ్‌ఫ్రీ. కెర్నెల్ 5.9కి ముందరి కోడ్‌లో అదే కనిపిస్తుంది.)

చిప్ చెప్పిన పొడవునూ నమ్మకండి. ట్రస్టెడ్ కీ 32 నుంచి 128 బైట్ల లోపే ఉండాలి, కాపీ చేయకముందే ఆ తనిఖీ జరగాలి. యూజర్‌స్పేస్‌కి (కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రాములకు) సీల్ చేసిన బ్లాబ్, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన కీ ముద్ద, తప్ప అసలు కీ వెళ్లకూడదు. డీబగ్ ప్రింట్లు కూడా వదలకుండా వెతకండి.